ఏరేటర్ కేబుల్‌కి ఏ కనెక్టర్? మర తిప్పేదా, బయోనెట్టా, క్లిప్పుదా?

గట్టుమీదోడు (కాళ్ళ మండలం)

నమస్తే అండి. మాకు కాళ్ళ దగ్గర ఆరు వనామీ రొయ్యల చెరువులున్నాయి, అందులో రెండు లీజువి. మొత్తం 26 ఏరేటర్లు (చక్రం తిప్పి నీళ్ళలో గాలి కలిపేవి), అన్నీ 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్లే. గట్టు మీద నుంచి వెళ్ళే కేబుల్‌ని ఇన్నాళ్ళూ మోటార్ దగ్గర వైర్లు మెలేసి, టేపు చుట్టి, దాని మీద పాలిథీన్ కవరు, ఆ పైన సైకిల్ ట్యూబు ముక్క కట్టి వదిలేస్తున్నాం. మా చుట్టుపక్కల అందరూ చేసేది ఇదే.

పోయిన నెల ఒక రాత్రి 3 గంటలప్పుడు కరెంటు పోయింది. మీకు తెలుసుగా, నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైము అదే. జనరేటర్ వేశాం. నాలుగో చెరువులో ఐదింటిలో నాలుగు తిరిగాయి, ఒకటి మాత్రం మూలుగుతోంది గానీ చక్రం కదలదు. కుర్రాడు మెయిన్ ఆపాననుకుని తెప్ప మీద వెళ్ళి కేబుల్ పట్టుకున్నాడు. వాడు ఆపింది పక్క చెరువుది. చెయ్యి జివ్వున లాగింది, ఎగిరి నీళ్ళలో పడ్డాడు, అదృష్టం బాగుండి చేతిలో కేబుల్ వదిలేసి పడ్డాడు. పొద్దున్న జాయింట్ విప్పి చూస్తే రెండు ఫేజులు బానే ఉన్నాయి, మూడో దాని రాగి పచ్చగా పొడిపొడిగా రాలిపోతోంది. మోటార్ వైండింగ్ నల్లబడింది.

దాంతో టేపుకి దండం పెట్టి కనెక్టర్లు వేయిద్దామని, తెలిసినాయన చెబితే రెండు మోటార్లకి ఆ చిన్న ఏవియేషన్ ప్లగ్గులు తెప్పించా, జీఎక్స్16 అంటారు, నాలుగు పిన్నులు, వెండిలా మెరిసే రింగు, మర తిప్పి బిగించాలి. పన్నెండో రోజున ఒకటి విప్పబోతే రింగు కదల్లేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే మర పోయింది. లోపల టీ రంగు నీళ్ళు.

ఇప్పుడు నెట్‌లో చూస్తే ఒకటా రెండా, మర తిప్పేవి, బయోనెట్‌వి, లివర్ క్లిప్పువి, తోసి లాగేవి, తాడు కట్టి ఉండి లాగితే ఊడొచ్చేవి కూడా ఉన్నాయి. మా పరిస్థితి ఇదీ: నీళ్ళు ఉప్పు, గట్టంతా బురద, విప్పేది అర్ధరాత్రి, విప్పేవాడు కరెంటు పని నేర్చుకున్నవాడు కాదు. గాలి వస్తే ఏరేటర్ జరిగి కేబుల్ లాగుతుంది కూడా. అనుభవం ఉన్నవాళ్ళు ఏది వేసుకోమంటారో చెప్పండి.

మిల్లు_మెయింటెనెన్స్ (తణుకు)

అన్నా, కుర్రాడు బతికి బయటపడ్డాడు, ముందు అది సంతోషం.

కనెక్టర్ సంగతికి ముందు ఒక మాట. మీ ప్యానెల్లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండే ఉంటుంది, మరి మోటార్ ఎలా కాలింది అని మీకు అనుమానం రాలేదా? మామూలుగా వాడే ఆ పెట్టె ప్యానెల్ దగ్గరికి మూడు ఫేజులూ వస్తున్నాయా లేదా అని వోల్టేజీ చూస్తుంది. చెరువు మధ్యలో జాయింట్‌లో ఒకటి పోతే దానికెలా తెలుస్తుంది. ఇక ఐదు ఏరేటర్లకీ కలిపి ఒకే స్టార్టర్ పెట్టి ఉంటే ఓవర్‌లోడ్ రిలే, అంటే కరెంటు ఎక్కువ లాగితే ఆపేసేది, ఐదింటి మొత్తానికి సెట్ చేసి ఉంటుంది, ఒక్క మోటార్ మీద ఎక్కువ లాగినా అది పట్టించుకోదు. తిరుగుతున్న మోటార్‌కి ఒక ఫేజ్ పోతే మిగతా రెండిటి మీదా దాదాపు 1.7 రెట్లు కరెంటు పడుతుంది, అలాగే మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. మీ మోటార్ బహుశా ఆ రాత్రి కంటే ముందే ఉడుకుతూ ఉండి ఉంటుంది, కరెంటు పోయి వచ్చాక మళ్ళీ స్టార్ట్ కాలేక దొరికిపోయింది. అంటే మీకు కావాల్సిన బిగింపు నీళ్ళు రానివ్వకపోవడమే కాదు, నాలుగు పిన్నులూ ఎప్పుడూ పూర్తి లోతున కూర్చుని ఉండేలా చూడాలి.

ఇక రకాలు. ఇంట్లో వస్తువులతో పోల్చి చెప్తా, నేను మా హెల్పర్లకి చెప్పేది ఇలాగే.

మర తిప్పేది వాటర్ బాటిల్ మూత. బిగించేకొద్దీ లోపల రబ్బరు నొక్కుకుంటుంది కాబట్టి బాగా బిగిస్తే నీళ్ళు ఆపడంలో దానికి తిరుగులేదు. గొడవంతా ఆ 'బాగా' దగ్గరే. ఎన్ని చుట్లు తిప్పితే పూర్తయిందో చేతికి తెలియదు. చీకట్లో మొదటి చుట్టు వంకరగా పడితే మర మీద మర ఎక్కి అక్కడే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది, పిన్నులు మాత్రం సగమే కూర్చుంటాయి. ఒక్క ఇసుక రేణువు చాలు. పైగా అదిరే చోట మెల్లగా వదులవుతుంది, ఏరేటర్ అంటేనే రోజంతా అదిరేది. మీరు కొన్న జీఎక్స్16 సంగతి వేరు, అది బయట నీళ్ళలో వాడడానికి చేసింది కాదు, మామూలుగా దాని మీద రాసే వోల్టేజీ కూడా 250 లోపే, మీ 415 వోల్టులకి దాన్ని పెట్టడమే తప్పు. దాన్ని చూసి మర రకం మొత్తాన్నీ తీసిపారేయకండి.

బయోనెట్ అంటే మన పాత బల్బు హోల్డర్. నొక్కి, కొంచెం తిప్పితే గాడిలో పడుతుంది. పూర్తి చుట్టు కూడా అక్కర్లేదు. ఎంత నొక్కాలో గాడి వాలే చూసుకుంటుంది, మనిషి బలంతో పని లేదు, అందుకే మా మేస్త్రీ బిగించినా కొత్త కుర్రాడు బిగించినా ఒకేలా ఉంటుంది. పడిందా లేదా అన్నది చేతికి తెలుస్తుంది. లోపం ఏంటంటే ఏళ్ళ తరబడి వాడితే గాడి అరిగి ఆడుతుంది, అప్పుడు మార్చేయడమే.

లివర్ క్లిప్పుది క్యారేజీ. మన అన్నం క్యారేజీకి పక్కన క్లిప్పు నొక్కితే గిన్నెలన్నీ బిగుసుకుంటాయి చూడండి, అదే. మా మిల్లులో కలర్ సార్టర్‌కి (గింజల్ని రంగు చూసి ఏరే మిషను) ఇలాంటివే, చదరంగా ఉంటాయి, ఒక్కోదాంట్లో 24 పిన్నులు. అన్ని పిన్నుల రాపిడీ కలిసి చేత్తో తోస్తే దిగదు, లివర్ ఆ బలం ఇస్తుంది. మీకున్నది నాలుగు పిన్నులు, అంత బలం అక్కర్లేదు, పైగా ఆ లివర్ కీలులో బురద గట్టిపడితే మీరే తిట్టుకుంటారు. ప్యానెల్ దగ్గర పొడిచోట అయితే వేసుకోండి.

తోసి లాగేది గ్యాస్ బండ రెగ్యులేటర్. కాలరు ఎత్తి పెట్టి వదిలితే పట్టేసుకుంటుంది, కాలరు లాగితేనే వదుల్తుంది, కేబుల్ పట్టుకుని ఎంత లాగినా ఊడదు. తిప్పడానికి చెయ్యి పట్టని ఇరుకు చోట్లకి బాగుంటుంది. చెరువు దగ్గర ఇరుకు ఎక్కడుంది?

నేనైతే ఎర్ర ఇండస్ట్రియల్ ప్లగ్గులు వేస్తా, ఐఈసీ 60309 అని రాసి ఉంటుంది, 16 ఆంపియర్, నాలుగు పిన్నులది. 2 హెచ్‌పీ మోటార్ లాగేది మూడున్నర ఆంపియర్ల దాకా, స్టార్టింగ్‌లో కాసేపు ఆరు రెట్లు, ఆ 16కి అది లెక్కే కాదు. ఎర్ర రంగు 400-415 వోల్టులకి, నీలం 230కి, ఎర్త్ గడియారంలో 6 గంటల దగ్గర ఉంటుంది, మిగతా వాటికంటే లావు, తప్పు వోల్టేజీ సాకెట్‌లో దూరదు. కొట్టువాడు రెండు రకాలు చూపిస్తాడు. స్ప్రింగు మూత మాత్రమే ఉండి అది ప్లగ్గుని కొక్కెంలా పట్టుకునేది ఐపీ44 (దుమ్ము, నీళ్ళు ఎంతవరకు ఆపుతుందో చెప్పే నెంబరు), అంటే చిలకరింపు వరకే. లావు రింగు ఉండి తిప్పితే బిగిసేది ఐపీ67, అదే బయోనెట్. మీకు రెండోదే. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా లోపలికి రాదని, అంతేగానీ నీళ్ళలో కాపురం పెట్టడానికి కాదు.

పాత_వైర్‌మన్ (పాలకొల్లు)

అందరూ ఏ ప్లగ్గు అని అడుగుతారు గానీ ఎక్కడ పెట్టాలో ఎవడూ అడగడు. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను బాబూ, 96 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో స్తంభాలు నిలబెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నా. నీళ్ళ మీద జాయింట్ పెట్టడమే మీ మొదటి తప్పు. అది టేపైనా, బంగారపు ప్లగ్గైనా.

మోటార్ నుంచి గట్టు దాకా మధ్యలో కోత లేకుండా ఒకటే కేబుల్ వెయ్యండి. గట్టు మీద సిమెంటు స్తంభానికో సరుగుడు బాదుకో నడుము ఎత్తున ప్లగ్గు పెట్టండి. మోటార్ పోయిందా, గట్టు మీద ప్లగ్గు ఊడదీసి మోటార్‌నీ కేబుల్‌నీ కలిపి లాక్కొచ్చేయడమే. స్పేర్ మోటార్‌కి కూడా అదే పొడుగు కేబుల్, అదే ప్లగ్గు కట్టి షెడ్డులో ఉంచుకోండి. కుర్రాడు నీళ్ళలో నిలబడి కరెంటు తీగ ముట్టుకునే అవసరమే రాకూడదు. అదిరిపోయి మర వదులయ్యే గొడవ కూడా అక్కడికి పోతుంది, స్తంభం అదరదు కదా.

నన్నడిగితే ప్లగ్గు కూడా వద్దు, స్తంభం మీద ఒక పెట్టె, లోపల నాలుగు టెర్మినళ్ళు, పక్కన కరెంటుని పూర్తిగా విడదీసే ఐసోలేటర్ స్విచ్చి. ఊడే చోటు ఎంత తక్కువుంటే అంత మంచిది. కానీ అర్ధరాత్రి స్క్రూడ్రైవర్ పట్టుకునే ఓపిక మీకు లేదంటే సరే, ప్లగ్గు పెట్టుకోండి. స్విచ్చి మాత్రం పక్కనే ఉండాలి, కనపడేలా. మీ కుర్రాడు పక్క చెరువు మెయిన్ ఆపాడంటే ఆ మెయిన్ మీద పేరు రాసి ఉండదు, అవునా కాదా?

గట్టుమీదోడు

రాసి లేదండి. ఆరు స్విచ్చులూ ఒకే బోర్డు మీద, ఒకే రంగు. ఈ రోజే పెయింట్‌తో నెంబర్లు వేయించా.

మేస్త్రి గారు చెప్పిన గట్టు మీద ప్లగ్గు ఆలోచన నాకు తట్టనే లేదు. కొన్ని ఏరేటర్లు గట్టుకి పాతిక మీటర్ల పైనే ఉన్నాయి, కేబుల్ ఖర్చు పెరుగుతుంది, అయినా కాలిన వైండింగ్‌తో పోలిస్తే నయమే. మా దగ్గర ఉన్నది సబ్‌మెర్సిబుల్ మోటార్లకి వాడే బల్లపరుపు మూడు కోర్ల కేబుల్, చాలా చుట్టలున్నాయి. దాన్నే ఈ ఎర్ర ప్లగ్గులకి కట్టుకోవచ్చా? ఎర్త్‌కి విడిగా ఒక వైరు వేస్తా. ఇంకోటి, గాలికి ఏరేటర్ జరిగినప్పుడు ప్లగ్గు విరగకుండా ఆ లాగితే ఊడొచ్చే రకం మేలంటారా?

ఇన్‌స్ట్రుమెంట్_టెక్ (కాకినాడ)

రెండిటికీ వద్దు అనే చెప్తా అన్నా, కారణాలు చెప్తా వినండి.

బల్లపరుపు కేబుల్: ప్లగ్గు వెనక కేబుల్ దూరే చోట గ్లాండ్ ఉంటుంది, లోపల గుండ్రటి రబ్బరు రింగు, వెనక నట్టు బిగిస్తే అది కేబుల్ చుట్టూ నొక్కుకుంటుంది. గుండ్రటి రబ్బరు గుండ్రటి కేబుల్‌నే పట్టుకుంటుంది. బల్లపరుపు కేబుల్ పెట్టి ఎంత బిగించినా రెండు పక్కలా నెలవంకలా సందు మిగులుతుంది, దాని పక్క నుంచి విడి ఎర్త్ వైరు కూడా దూర్చారంటే ఇక చెప్పేదేముంది. ముందు మూతి బయోనెట్టా మరా అని మనం ఇక్కడ ఇంతలా మాట్లాడుకుంటున్నాం గానీ నేను విప్పి చూసిన తడిసిన కనెక్టర్లలో ఎక్కువ భాగం వెనక నుంచే తడిశాయి. గుండ్రటి నాలుగు కోర్ల రబ్బరు కేబుల్ కొనండి, దాని లావు గ్లాండ్ మీద రాసిన కొలతల మధ్యలో పడేలా చూడండి, మరీ చివరి కొలతలో కాదు.

ఇంకో దొంగ దారి ఉంది. కేబుల్ పైతోలు ఎక్కడైనా ఎలకలు కొరికినా, గట్టు రాయికి గీసుకున్నా నీళ్ళు లోపలి తీగల పోగుల మధ్య నుంచి దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకి మీటర్ల దూరం వెళ్ళి ప్లగ్గులో తేలతాయి. అప్పుడు అందరూ ప్లగ్గునే తిడతారు. మరొకటి, పగలంతా ఎండకి, కరెంటుకి వేడెక్కిన ప్లగ్గు మీద ఒక్కసారి వాన పడితే లోపలి గాలి ముడుచుకుని బయట నుంచి తేమని పీలుస్తుంది. అందుకే ప్లగ్గు మూతి కిందికి ఉండేలా వేలాడదీయండి, కేబుల్ ప్లగ్గులోకి వెళ్ళేముందు ఒక వంపు కిందికి దిగి పైకి ఎక్కాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

లాగితే ఊడొచ్చే రకం: అది కేబుల్ లాగినప్పుడు పరికరం పాడవకుండా తనే విడిపోయేలా చేసింది. చార్జింగ్ వైరు కాలికి తగిలితే ఊడొస్తే మంచిదే కదా, అలాంటి చోట. మీ చెరువులో అది రాత్రి గాలికి ఊడిందనుకోండి, మోటార్ కరెంటు లాగుతుండగా పిన్నులు విడిపోయి వాటి మధ్య నిప్పు మెరుపు (ఆర్క్) వస్తుంది, ఆ తర్వాత కరెంటు ఉన్న సగం వెళ్ళి నీళ్ళలో పడుతుంది. లాగుడు పడనివ్వకపోవడమే దారి. ఏరేటర్ కట్టిన తాడు కేబుల్ కంటే పొట్టిగా ఉండాలి, కేబుల్‌ని స్తంభానికి విడిగా ఒక క్లాంపుతో పట్టించి ఆ తర్వాత ప్లగ్గుకి వదులుగా వదలాలి.

ఇదే సందర్భంలో, కరెంటు పారుతుండగా కనెక్టర్ ఊడదీయకండి, ఏ రకమైనా సరే. ఐఈసీ 61984 అనే స్టాండర్డ్‌లో ఈ తేడా స్పష్టంగా ఉంది, లోడ్ మీద విడదీయగలిగేవి వేరు, విడదీయకూడనివి వేరు, ఫ్యాక్టరీల్లో వాడే గుండ్రటి కనెక్టర్లు చాలావరకు రెండో జాతే. బయోనెట్ సుళువుగా ఊడుతుందన్న మంచి గుణమే ఇక్కడ చెడు చేస్తుంది, కుర్రాడు స్విచ్చి మానేసి రింగే తిప్పేస్తాడు. పాలకొల్లు మేస్త్రి గారు చెప్పిన స్విచ్చి అందుకే. పెద్ద సైజు 63, 125 ఆంపియర్ ఎర్ర ప్లగ్గుల్లో మధ్యలో ఒక సన్న పైలట్ పిన్ను ఉంటుంది, ప్లగ్గు తీస్తుంటే అది ముందు విడిపోయి కాంటాక్టర్‌ని (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చి) పడేసేలా వైరింగ్ చేసుకోవచ్చు. మీ 16లో అది ఉండదు.

పిన్నులు బయటికి కనపడే సగం ఎప్పుడూ మోటార్ వైపే ఉండాలి, రంధ్రాల సగం కరెంటు వచ్చే వైపు. తిరగేసి కడితే ఊడదీసిన ప్లగ్గు చేతిలో నాలుగు కరెంటు మేకులు పట్టుకున్నట్టే. ఇంత చిన్న విషయం ఎందుకు రాస్తున్నానంటే తిరగేసి కట్టినవి నేను కళ్ళారా చూశా.

మర రకాన్ని పూర్తిగా వదిలేయకండి అని తణుకు అన్న అన్నది నిజమే. మా దగ్గర సెన్సార్లన్నీ ఎం12 (12 మిల్లీమీటర్ల) మరవే, ఒకసారి పెడితే ఏడాది దాకా ముట్టుకోం, అలాంటి చోట దాన్ని మించింది లేదు. మీరు రేపు నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సార్ పెడితే దానికీ చాలావరకు అదే వస్తుంది. చేత్తో బిగించి వదిలేస్తే లోపలి ఓ-రింగు నొక్కుకోదు, ఎం12కి చాలా కంపెనీలు చెప్పేది 0.6 న్యూటన్ మీటర్లు, దానికి చిన్న టార్క్ రెంచ్ దొరుకుతుంది. మిలిటరీ విమానాల్లో వాడే 38999 మూడో సిరీస్ అని ఒకటుంది, అందులో పక్కపక్కనే మూడు మరలు తీసి ఉంటాయి కాబట్టి ఒక్క చుట్టుకే బిగుసుకుంటుంది, అదురుకి వెనక్కి తిరక్కుండా లోపల రాచెట్ కూడా. మరలో ఉన్న రెండు లోపాలూ వాళ్ళు అలా తీర్చుకున్నారు. రొయ్యల చెరువుకి అది వద్దులెండి, ఒక్కో కనెక్టర్ ధర చూస్తే గుండె ఆగుతుంది.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనే పడిపోయే స్విచ్చి, చెరువుకొకటి పెట్టండి. అన్నిటికీ కలిపి ఒకటి పెడితే ఒక్క కేబుల్ తడిసినా ఆరు చెరువులూ ఆగిపోతాయి, విసుగొచ్చి మీవాళ్ళే దాన్ని బైపాస్ చేస్తారు.

లంక_కుర్రోడు (అంతర్వేది వైపు)

ఆయ్, మేము బోట్లకి లైట్లు, వైరింగ్ చేస్తాం. ఉప్పు గురించి రెండు ముక్కలు. మీ రింగు పట్టేసింది మరది తప్పు కాదు, లోహాలది. అల్యూమినియం పక్కన ఇత్తడి పెట్టి మధ్యలో ఉప్పునీళ్ళు పోస్తే బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తెల్ల పొడిలా పూసి రింగుని సిమెంటు చేసేస్తుంది. ఆ ఎర్ర ప్లగ్గుల రింగు ప్లాస్టిక్ కాబట్టి ఆ బాధ లేదు. మెటల్ కావాలంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి, 304 ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

రబ్బరు రింగుకి గ్రీజు రాస్తే మంచిది, కానీ బండి గ్రీజు వద్దు, ఈపీడీఎం అనే రకం రబ్బరైతే దానికి ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు రాయండి. ఊడదీసిన సాకెట్‌కి మూత వెయ్యకపోతే ఐపీ67 కాదు కదా ఏమీ కాదు. మా బోటు మీద మూత లేని సాకెట్‌లో ఒకసారి గోరంత పీత దొరికింది, ఫ్యూజు ఎందుకు పోతోందో తెలియక గంటసేపు జుట్టు పీక్కున్నాం.

మిల్లు_మెయింటెనెన్స్ (తణుకు)

కాకినాడ అన్న గ్లాండ్ గురించి చెప్పింది నేను మర్చిపోయా, ఒప్పుకుంటున్నా. నాదింకొకటి: బయోనెట్ రింగు తిప్పకుండా ప్లగ్గు దూర్చి వదిలేసినా మోటార్ తిరుగుతుంది, అదే దాని మాయ. పూర్తిగా బిగించాక రింగు మీద నుంచి సాకెట్ మీదికి ఒక గీత తెల్ల పెయింట్‌తో గియ్యండి. రెండు ముక్కలూ కలిస్తేనే గీత తిన్నగా కనిపిస్తుంది, టార్చి వేస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. మూడు ఫేజుల వైర్ల వరస కూడా అన్నిట్లో ఒకటే ఉండాలి, ఆర్, వై, బీ (ఎరుపు, పసుపు, నీలం). లేకపోతే స్పేర్ మోటార్ పెట్టిన రాత్రి చక్రం ఉల్టా తిరుగుతుంది.

గట్టుమీదోడు (మూడు వారాల తర్వాత)

అందరికీ థాంక్స్ అండి. నాలుగో చెరువు పూర్తి చేశాం. ఐదు ఏరేటర్లకీ గుండ్రటి నాలుగు కోర్ల కేబుల్ కోత లేకుండా గట్టు దాకా, గట్టు మీద సరుగుడు బాదులకి ఐపీ67 ఎర్ర ప్లగ్గులు మూతి కిందికి, ఒక్కోదాని పక్కన స్విచ్చి. ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి రోజే పడింది. వెతికితే షెడ్డు లైటు వైరు ఒకటి తడిసి ఉంది, అది ఎన్నాళ్ళుగా అలా లీక్ అవుతోందో.

నిజం చెప్పాలంటే ఒక తప్పు కూడా చేశా. ఆరోదిగా ఐదో చెరువులో ఒకదానికి, ఉన్న చుట్ట వృథా ఎందుకని, ఆ బల్లపరుపు కేబులే వాడా, గ్లాండ్ దగ్గర ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే సరిపోతుందిలే అనుకున్నా. మొన్న పెద్ద వాన తర్వాత ఆరూ విప్పి చూశా. ఐదు ఎలా పెట్టామో అలాగే, పిన్నులు కొత్త రాగి పైసల్లా ఉన్నాయి. ఆరోదాన్ని వంచితే చెంచాడు నీళ్ళు కారాయి, ఎర్త్ పిన్ను పక్కన అప్పుడే పచ్చ మొదలైంది. ముందు వైపు రబ్బరు మాత్రం పొడిగా ఉంది. కాకినాడ తమ్ముడు చెప్పినట్టే, వచ్చింది వెనక నుంచి.

మొన్న శనివారం రాత్రి రెండో నెంబరు మోటార్ బేరింగ్ అరుస్తుంటే కుర్రాడు నన్ను లేపకుండానే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, స్పేర్ పెట్టేశాడు. చెరువులోకి దిగింది తాడు మార్చడానికే. చక్రం తిన్నగానే తిరిగింది. తెల్ల పెయింట్ దొరక్క గీతలు మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో గీశాం, టార్చికి ఎర్రగా బాగానే కనిపిస్తున్నాయి.

ఆ ఆరోదాన్నీ కలుపుకుని మిగతా ఇరవై ఒకటీ రొయ్యల పట్టుబడి అయ్యాక. బల్లపరుపు చుట్టలు నాలుగున్నాయి, బోరు మోటార్లున్న వాళ్ళెవరికైనా కావాలంటే చెప్పండి.